మా ఎస్.కోట నుంచి సానియా ఆడిన కోర్టుకి

విశాఖపట్నం నుంచి రోడ్డు మీద అరకు వెళ్ళేవాళ్ళు మామూలుగా మా ఊరి మీదుగానే వెళతారు. ఊరి పేరు శృంగవరపుకోట. అంత పొడుగు పేరు పలికే ఓపిక ఎవరికీ లేక ఎస్.కోట అంటారు. బస్సు ఆగుతుంది. దిగి టీ తాగుతారు. ఎదురుగా కొండలు కనిపించగానే "అబ్బ, ఎంత బావున్నాయో" అనుకుంటూ మళ్ళీ ఎక్కేస్తారు. శివరాత్రికి పుణ్యగిరి వచ్చే భక్తుల్ని మినహాయిస్తే, మా ఊరు చూడ్డానికే వచ్చామన్న వాళ్ళని నేను కాపరానికొచ్చిన ఇన్నేళ్ళలో చూడలేదు.

మేమూ అంతే లెండి. పక్కనే ఉన్న తాటిపూడి రిజర్వాయరుకి కార్తీకమాసంలో ఒకసారి వెళితే గొప్ప. అలాంటిది మొన్న వేసవిలో నేనూ, మా అమ్మాయీ హైదరాబాదు వెళ్ళొచ్చాం. మా ఆడపడుచు గారి గృహప్రవేశం. అక్కడ అందరూ చూసే చార్మినార్, గోల్కొండ మేం చూడలేదు. ఒక టెన్నిస్ కోర్టు చూసొచ్చాం. నవ్వకండి. అదేదో చెబుతాను, వినండి.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మా అమ్మాయి బుజ్జికి బాల్ బ్యాడ్మింటన్ అంటే ప్రాణం. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, పసుప్పచ్చ ఊలు బంతితో అటు అయిదుగురు, ఇటు అయిదుగురు ఆడతారు. తొమ్మిదో తరగతిలో స్కూలు జట్టులో ఆడింది. ఏప్రిల్లో పరీక్షలు అవగానే మావారు "వచ్చే ఏడు పదో తరగతి, ఇక ఆటలు చాలు" అన్నారు. మా అత్తగారు ఎప్పట్నుంచో అంటున్నదే, "ఏటే కోడలా, గుంట ఎండలో పడి నల్లగయిపోతంది, రేపు ఎవులు సేసుకుంటారు దాన్ని?" అని. మరి నేనేమన్నాను? ఏమీ అనలేదు. బ్యాటు తీసి గుడ్డలో చుట్టి అటక మీద పెట్టింది మాత్రం నేనే.

బుజ్జి ఏడవలేదు. ఏడిస్తే బావుండేది. హైదరాబాదు ప్రయాణం అనుకున్నాక ఒకే ఒక్క మాట అడిగింది: "అమ్మా, సానియా మీర్జా ఆడిన కోర్టు చూపిస్తావా?"

ఎస్.కోట నుంచి లక్కవరపుకోట, కొత్తవలస, పెందుర్తి మీదుగా ఆర్టీసీ బస్సులో విశాఖ చేరి, సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. పులిహోర, పెరుగన్నం, ఊరగాయ సర్దుకున్నాను. ఒక చిట్కా: రాత్రి ప్రయాణానికి పెరుగన్నం కలిపేటప్పుడు పెరుగు తగ్గించి పాలు ఎక్కువ పొయ్యండి, తినే వేళకి సరిగ్గా తోడుకుంటుంది. అనకాపల్లి దాటేసరికే డబ్బా ఖాళీ. తుని దాకా బుజ్జి సానియా కబుర్లే చెప్పింది. నాకు కొన్ని తెలుసు, కొన్ని తెలియవు.

ఆ అమ్మాయి 1986 నవంబరు 15న బొంబాయిలో పుట్టింది. తర్వాత కుటుంబం హైదరాబాదు వచ్చేసింది. తండ్రి ఇమ్రాన్, తల్లి నసీమా. ఆరో ఏట రాకెట్ పట్టించారు. మరీ చిన్నపిల్ల, నేను నేర్పనని మొదట కోచ్ అన్నాడట. నెల తిరక్కుండా ఆయనే కబురుపెట్టి, ఈ వయసులో ఇలా ఆడే పిల్లని నేను చూడలేదన్నాడట. నన్ను ఆకట్టుకున్నది మాత్రం అది కాదు. సానియా చిన్నప్పుడు హైదరాబాదులో ఆడింది పేడతో అలికిన కోర్టుల మీద. ఈ మాట ఆవిడే ఎన్నోసార్లు చెప్పింది.

పేడ అనగానే నేను లేచి కూర్చున్నాను. మా వీధి వాకిలి సిమెంటు చేయించాం గానీ వెనక పెరడు ఇప్పటికీ మట్టిదే. వారానికోసారి నేనే అలుకుతాను. పేడ నీళ్ళు మరీ పల్చనైతే దుమ్ము అణగదు. మరీ చిక్కనైతే ఎండి పెచ్చులు లేస్తుంది. సరిగ్గా కుదిరితే నేల గట్టిగా, నున్నగా, పగుళ్ళు లేకుండా ఉంటుంది. ఇది మనకి ఎవరూ నేర్పక్కర్లేదు కదా. మట్టి చదును చేసి, రోలరు తిప్పి, పేడతో అలికి, సున్నంతో గీతలు గీస్తే కోర్టు. మనం గీతల చోట ముగ్గు పెడతాం, అంతే తేడా! అలాంటి నేల మీద మొదలుపెట్టిన పిల్ల లండన్లో వింబుల్డన్ పచ్చిక మీద గెలిచిందంటే, ఆ అలికిన చేతులెవరివో అనిపించింది నాకు. ఎవరి పేరూ ఎక్కడా ఉండదు.

అన్నట్టు, టెన్నిస్ లెక్క మీకు తెలుసా? మొదటి పాయింటుకి 15, రెండోదానికి 30. మూడోదానికి 45 అనుకుంటున్నారా? కాదు, 40. సున్నా అయితే 'లవ్' అంటారు. ఏమీ లేనిదాన్ని ప్రేమ అనడమేమిటో ఇంగ్లీషు వాళ్ళకే తెలియాలి.

2003లో పదహారేళ్ళకి వింబుల్డన్‌లో బాలికల డబుల్స్ గెలిచింది, రష్యా అమ్మాయి అలీసా క్లెబనోవాతో కలిసి. ఆ ఏడే నా పెళ్ళి. 2005 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మూడో రౌండు దాకా వెళ్ళి సెరెనా విలియమ్స్ చేతిలో ఓడింది. ఫిబ్రవరిలో సొంతూరు హైదరాబాదులోనే టోర్నమెంటు. ఫైనల్లో ఉక్రెయిన్ అమ్మాయి అల్యోనా బొండరెంకోని 6-4, 5-7, 6-3తో ఓడించింది. డబ్ల్యుటిఎ సింగిల్స్ టైటిల్ గెలిచిన మొట్టమొదటి భారతీయ మహిళ మన తెలుగుదేశం నుంచే వచ్చింది. అప్పుడు మా పెద్దాడు చంకలో పిల్లాడు. వాడికి ఉగ్గు పెడుతూ వార్తల్లో చూశాను. ఆ ముక్కుపుడక, ఆ కొట్టుడు! ఫోర్‌హ్యాండ్ అంటారుట, కుడిచేత్తో ఊపి కొట్టేది. ఆ దెబ్బ టీవీలోంచి వినిపించేది. ఆ సెప్టెంబరులో యు.ఎస్. ఓపెన్‌లో నాలుగో రౌండు చేరి షరపోవా చేతిలో ఓడింది. సరిగ్గా అప్పుడే ఆవిడ వేసుకునే బట్టల మీద పెద్ద గొడవ. పద్దెనిమిదేళ్ళ పిల్ల ఎంత బాగా ఆడిందన్నది వదిలేసి గౌను ఎంత పొడుగుందన్నది కొలిచారు కొందరు. మా వీధిలోనూ కొలిచారు లెండి, దాచడమెందుకు.

2006లో పద్మశ్రీ వచ్చింది. 2007 ఆగస్టులో సింగిల్స్ ర్యాంకు 27కి చేరింది. మనదేశపు ఆడవాళ్ళలో అంత పైకి వెళ్ళినవాళ్ళు అంతకుముందు లేరు. ఇదంతా బుజ్జి గడగడా అప్పజెప్పింది. పదో తరగతి సోషల్ అలా వస్తే బావుణ్ణని మనసులో అనుకున్నాను.

2008లో కుడి మణికట్టు పాడైంది. బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆట మధ్యలో వదిలేసి వెళ్ళాల్సి వచ్చింది. ఆపరేషన్ అయింది. తల దువ్వుకోడానికి కూడా చెయ్యి సహకరించని రోజులున్నాయని తర్వాత చెప్పుకుంది. అక్క చెల్లెళ్ళూ, మణికట్టు నొప్పి అంటే ఏమిటో మనకి తెలుసు. రుబ్బురోలు, బట్టలు పిండడం, చపాతీ కర్ర. నొప్పెడుతోందంటే జండూబాం రాసుకోమంటారు, అన్నం మాత్రం టైముకి కావాలి. ఆవిడకి ఆ చెయ్యే జీవనం. మళ్ళీ వచ్చి 2009లో మహేష్ భూపతితో ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది. 2012లో అతనితోనే ఫ్రెంచ్ ఓపెన్. అయినా శరీరం సింగిల్స్‌కి ఓర్చుకోలేదు. 2013లో సింగిల్స్ వదిలేసి డబుల్స్ ఒక్కటే పెట్టుకుంది.

ఇక్కడే చాలామంది "అయిపోయింది" అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

డబుల్స్ అంటే ఏమిటంటే, ఒక వంటింట్లో ఇద్దరు తోటికోడళ్ళు. ఒకరు పొయ్యి దగ్గరుంటే రెండోవారు కత్తిపీట దగ్గరుండాలి. ఇద్దరూ ఒకే గిన్నెకి చెయ్యి చాపితే పులుసు ఒలుకుతుంది. ఎవరూ చాపకపోతే మాడుతుంది. సానియా 2015లో స్విట్జర్లాండ్ మార్టినా హింగిస్‌తో జత కట్టింది. హింగిస్ వల దగ్గర చాకచక్యం, సానియా వెనకనుంచి ఆ దెబ్బ. ఆ ఏప్రిల్ 13న డబుల్స్‌లో ప్రపంచంలోనే నంబర్ వన్ అయింది. భారతీయ మహిళల్లో ఆ స్థానం ఎక్కింది ఆవిడొక్కతే. మొత్తం 91 వారాలు నంబర్ వన్‌గా ఉంది.

ఆ జులై 11న వింబుల్డన్ ఫైనల్ నేను చూశాను. మన దగ్గర రాత్రి బాగా పొద్దుపోయింది. మావారు పడుకున్నారు, పొద్దున్నే డ్యూటీ. శబ్దం పూర్తిగా తగ్గించేసి, బుజ్జిని ఒళ్ళో పడుకోబెట్టుకుని చూస్తున్నాను. ఎదుటివాళ్ళు రష్యా జోడీ మకరోవా, వెస్నినా. మొదటి సెట్ పోయింది 5-7. రెండోది 7-6తో వచ్చింది. మూడో సెట్‌లో 2-5 వెనకబడ్డారు. ఇంకొక్క గేమ్ పోతే అయిపోయినట్టే. అక్కణ్ణుంచి ఒకటీ ఒకటీ తెచ్చుకుని 5-5 చేశారు. అప్పటికి అక్కడా చీకటి పడింది. ఆట ఆపి, పైకప్పు మూసి, దీపాలు వేశారు. ఆ ఆగిన కాసేపట్లో నేను లేచి రేపటి పప్పు నానబోసి వచ్చాను. చేతులు ఊరికే ఉండవు కదా. మళ్ళీ మొదలెట్టి 7-5తో గెలిచేశారు. నేను అరవబోయి చీర చెంగు నోట్లో కుక్కుకున్నాను. ఆడవాళ్ళ డబుల్స్‌లో గ్రాండ్‌స్లామ్ గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పొద్దున్న కాఫీ ఇస్తూ చెబితే "అలాగా" అన్నారు.

ఆ ఏడే యు.ఎస్. ఓపెన్, 2016 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ కూడా ఆ జోడీదే. వరసగా 41 మ్యాచ్‌లు ఓడకుండా ఆడారు. 2014లో బ్రెజిల్ బ్రూనో సోరెస్‌తో గెలిచిన యు.ఎస్. ఓపెన్ మిక్స్‌డ్ కూడా కలిపితే ఆవిడ గ్రాండ్‌స్లామ్‌లు మొత్తం 6. మూడు ఆడవాళ్ళ డబుల్స్, మూడు మిక్స్‌డ్.

సామర్లకోట వచ్చేసరికి బుజ్జి నిద్రపోయింది. రాజమండ్రి వంతెన మీద రైలు పోతుంటే గోదారమ్మకి రూపాయి వేసి దణ్ణం పెట్టుకున్నాను. ఏం కోరుకోవాలో తెలియలేదు.

తెల్లారి నాంపల్లిలో దిగాం. గృహప్రవేశం మర్నాడు కావడంతో, సామాను ఆడపడుచు గారింట్లో పడేసి, సాయంత్రం మేమిద్దరం బషీర్‌బాగ్ బయల్దేరాం. నాంపల్లి స్టేషనుకి ఎంతో దూరం లేదు ఎల్.బి. స్టేడియం. ఎదురుగా నిజాం కాలేజీ. ఈ మైదానానికి పాత పేరు ఫతే మైదాన్, అంటే విజయ మైదానం. గోల్కొండని ముట్టడించినప్పుడు మొగలుల సైన్యం దిగిన చోటుట. తర్వాత లాల్ బహదూర్ శాస్త్రి గారి పేరు పెట్టారు. నేను పెద్ద రాజగోపురంలాంటిదేదో ఊహించుకున్నాను. బయటికి మామూలుగానే ఉంది, గోడల మీద పోస్టర్లు, గేటు దగ్గర చెరుకురసం బండి.

కాపలా అతను "ఏం లేదమ్మా లోపట, మ్యాచుల్లేవు" అన్నాడు. "చూసి వెళ్ళిపోతాం బాబూ, చాలా దూరం నించి వచ్చాం" అన్నాను. మా యాస వినేసరికి నవ్వొచ్చినట్టుంది, వదిలేశాడు.

బుజ్జి లోపలికి వెళ్ళగానే నేలకేసి చూసి "పేడ లేదేంటమ్మా?" అంది. పేడ కాలం ఎప్పుడో పోయింది, ఇవి గట్టి నేల మీద రంగు పూసినవి. 2005లో సానియా ఆ టైటిల్ గెలిచింది ఈ మైదానంలోనే. మళ్ళీ 2023 మార్చి 5న తనవాళ్ళ మధ్య ఆఖరి ఆట ఆడి వీడ్కోలు తీసుకుంది కూడా ఇక్కడే. ఆ జనవరిలోనే మెల్‌బోర్న్‌లో రోహన్ బోపన్నతో మిక్స్‌డ్ ఫైనల్ ఆడి ఓడి, మైకు ముందు ఏడ్చింది. పద్దెనిమిదేళ్ళప్పుడు సెరెనాతో ఆడింది ఆ ఊళ్ళోనే. మధ్యలో మరో పద్దెనిమిదేళ్ళు గడిచాయి. ఈసారి నాలుగేళ్ళ కొడుకు ఉన్నాడు చూడ్డానికి.

ఆ కొడుకు సంగతి చెప్పకపోతే మన పేజీకి అన్యాయం. 2018 అక్టోబరులో పుట్టాడు, పేరు ఇజాన్. పురుడయ్యాక ఆవిడ బరువు 89 కిలోలు. మనలో ఎవరం కొలుచుకుంటాం ఆ రోజుల్లో? నాలుగు నెలల్లో 26 కిలోలు తగ్గించుకుంది. 2020 జనవరిలో రెండేళ్ళ విరామం తర్వాత హోబార్ట్‌లో దిగి, నదియా కిచెనోక్‌తో కలిసి మొదటి టోర్నమెంటే గెలిచింది. అంత తగ్గాలని నేను మీకు చెప్పడం లేదు. ఆవిడకి మనుషులున్నారు, డబ్బుంది, రోజంతా చూసుకునే ట్రైనర్లున్నారు. కానీ పొద్దున్నే లేవాల్సింది ఆవిడే కదా.

కోర్టుల్లో పది మంది పిల్లలు నేర్చుకుంటున్నారు. గట్టు మీద తల్లులు కూర్చున్నారు, ఒళ్ళో నీళ్ళ సీసాలు, తువ్వాళ్ళు. బురఖా వేసుకున్న ఒకావిడ జరిగి చోటిచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్లని చూపించి, "మాదే. రెండు బస్సులు మారాలమ్మా. పొద్దున స్కూలు, సాయంత్రం ఇది" అంది. ఇంట్లో ఏమంటారని అడిగాను. "అంటరు. అననీ" అని నవ్వి, డబ్బాలోంచి ఉస్మానియా బిస్కట్లు తీసి మా ఇద్దరికీ ఇచ్చింది. తర్వాత బుజ్జిని చూసి అడిగింది:

"మీ బిడ్డ ఆడుతదా?"

బుజ్జి బిస్కట్ నోటి దగ్గర ఆపి నాకేసి చూసింది. ఏం చెబుతానో అని. ఆ చూపు నేను మర్చిపోలేను. అటక మీద గుడ్డలో చుట్టిన బ్యాటు కళ్ళ ముందు కొచ్చింది.

"ఆడుతుంది" అన్నాను.

అప్పుడు బుజ్జికి ఎన్నడూ చెప్పని సంగతి చెప్పాను. నేను ఇంటర్ చదివేటప్పుడు కాలేజీ జట్టులో ఇదే బాల్ బ్యాడ్మింటన్ ఆడాను. 1996లో బొబ్బిలిలో పోటీలకి నన్నూ తీసుకున్నారు. రెండు రోజులు అక్కడే ఉండాలి. ఆడపిల్ల రాత్రిపూట ఊరు దాటి ఉండడమేమిటని మా నాన్న పంపలేదు. నా చోట ఇంకో అమ్మాయి వెళ్ళింది. ఆ ఏడే ఆట మానేశాను. నాన్న మీద కోపం లేదు, ఆయన కాలం అది. "నువ్వా అమ్మా? నువ్వు ఆడేదానివా?" అని బుజ్జి ఒకటే నవ్వు. నమ్మలేదు. చెయ్యి చూపించమంది. చపాతీలు చేసే చేతిలో ఏముంటుంది చూపించడానికి.

మొయినాబాద్ దగ్గర ముర్తుజాగూడలో సానియా పెట్టిన టెన్నిస్ అకాడమీ కూడా చూద్దామంది గానీ, టైము లేదని ఒప్పించాను. గృహప్రవేశం బాగా జరిగింది. పాలు తూర్పుకే పొంగాయి.

ఎస్.కోట వచ్చాక మావారితో మాట్లాడాను. ఎన్నడూ అంతసేపు మాట్లాడినట్టు లేదు. సానియా కథలు ఆయన మీద పనిచెయ్యలేదు. "ఆవిడ కోట్లకి ఒక్కర్తి, మన పిల్ల అవుతుందా?" అన్నారు. అవదనే అన్నాను. అవడానికి కాదు, ఆడ్డానికి అన్నాను. మార్కులు తగ్గితే నాదే బాధ్యతన్నాను. చివరికి ఆదివారాలూ, స్కూలు తరఫున పోటీలుంటే అవీ, అంతవరకు ఒప్పుకున్నారు. మా అత్తగారు మటుకు వేరే దారిలో వచ్చారు. "మన ఆవదాలవలస మల్లీసొరి బరువులెత్తి మెడలు తెచ్చినాది కాదేటి? అది సరేగానీ, ఈ గుంట బంతి కొట్టి ఏటి తెస్తాది?" అన్నారు. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి కాంస్యం గెలిచినప్పుడు వీధంతా మిఠాయి పంచింది ఈవిడేనట, నాకిప్పుడే తెలిసింది.

బ్యాటు దించాను. గట్లు వదులయ్యాయి, విజయనగరంలో కట్టించుకొచ్చాం. పెరడంతా పలుగుతో చదును చేశాం. రాళ్ళేరి, నీళ్ళు కొట్టి, దిమ్మిసతో గట్టిపరిచాం. పక్కింటి ఆవుపేడ రెండు బుట్టలు తెచ్చి నేనే అలికాను, పల్చనా కాదు, చిక్కనా కాదు. సున్నంతో గీతలు బుజ్జి గీసింది, కాస్త వంకర. పొద్దున్న ఆరింటికి అవతలి పక్క నేను నిలబడుతున్నాను, చీర కుచ్చిళ్ళు దోపుకుని. పదిలో ఆరు బంతులు నన్ను దాటి మునగచెట్టులోకి పోతున్నాయి. మిగతా నాలుగూ కొడుతున్నాను.

వల లేదు, తాడే. ఒక కొస జామచెట్టుకి, రెండో కొస బట్టలారేసే గుంజకి కట్టాం. చీరలు ఎక్కడ ఆరెయ్యాలో చెప్పండని మా అత్తగారు రోజూ అడుగుతున్నారు.